వెళ్ళాలా, ఉండాలా అని తేల్చుకునే ముందు వాపసు రావడానికి ఎంతవుతుందో లెక్క రాయండి

ఆదివారం వచ్చిందంటే మా నిజాంపేట ఇంటికి ఎవరో ఒకరు వస్తారు, చుట్టాల పిల్లలో పక్క ఫ్లాట్ వాళ్ళో, చేతిలో ఐ20 (వీసా కోసం అమెరికా కాలేజీ ఇచ్చే కాగితం) ప్రింటవుటో ఆఫర్ లెటరో పట్టుకుని, అక్కా ఫారిన్ వెళ్ళిపోనా ఇక్కడే ఉండనా అని. నేను 2011లో ఎమ్మెస్‌కి వెళ్ళి, డాలస్ దగ్గర ఉద్యోగం చేసి 2018లో వచ్చేశాను కదా, అందుకని నన్నడుగుతారు. వెళ్ళు అనీ అనను, వద్దు అనీ అనను, ఒక పొడుగు నోట్‌బుక్కు పెన్నూ ఇచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెడతా. వాళ్ళతో రాయించేదే ఇక్కడ పెడుతున్నా.

మొదటి పేజీలో ఒకటే ప్రశ్న. వెళ్ళాక అక్కడ కుదరక వెనక్కి రావాల్సొస్తే ఎంతవుతుంది? వెళ్ళడానికి ఎంతవుతుందో అందరూ రూపాయలతో సహా చెప్తారు, ఫీజు ఇంత, టికెట్ ఇంత, డిపాజిట్ ఇంత అని. ఈ రెండో లెక్క మాత్రం అపశకునం మాట్లాడినట్టు ఎవరూ ఎత్తరు. వెళ్ళినందుకు ఏడ్చినవాళ్ళని నేను పెద్దగా చూళ్ళేదు గానీ, రావాలనుకున్న రోజున రాలేక ఏడ్చినవాళ్ళని మాత్రం చాలామందిని చూశా, వాళ్ళలో ముగ్గురు నా రూమ్మేట్లే.

పోయిన నెల మా పిన్ని కొడుకు వచ్చాడు. 40 లక్షల లోను, 11 శాతం వడ్డీ, తాకట్టు ఏమో బాబాయి రిటైరయ్యాక కర్మన్‌ఘాట్‌లో కట్టుకున్న ఇల్లు. 10 ఏళ్ళకి ఈఎంఐ ఎంతో ఫోన్‌లో కొట్టరా అన్నా, 55 వేల చిల్లర వచ్చింది, అదీ చదువుకునే రెండేళ్ళ వడ్డీ కలపకుండా. సరే, అక్కడ ఉద్యోగం రాక వెనక్కొస్తే ఇక్కడ మొదట ఎంతిస్తారు అని అడిగా. నెలకి 40 వేలు, మహా అయితే 45 అన్నాడు. ఆ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసుకుని, కింద గీత గీసి, తీసివేత చెయ్యబోయి ఆగిపోయాడు. అయితే ఇల్లు పోతుందా అక్కా అన్నాడు.

నేను చెప్పే హద్దు ఇది: వెనక్కొస్తే ఇక్కడ వచ్చే జీతంలో మూడో వంతు దాటే ఈఎంఐ అయితే ఆ లోనుతో వెళ్ళకండి. ఆ దేశం మానెయ్యమని కాదు, ఆ లోను మానెయ్యమని. ఫీజు తక్కువున్న యూనివర్సిటీ చూస్కోవడమో, రెండేళ్ళు ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుని వెళ్ళడమో, దారులున్నాయి.

రెండో పేజీలో వీసా గడువులు రాయండి, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పినవి కాకుండా ఆ దేశ ప్రభుత్వ సైట్‌లో ఉన్నవి. అమెరికా అయితే చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసుకునే అనుమతి, 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సుకి ఇంకో 24. ఈలోపే హెచ్‌1బీ, అంటే ఉద్యోగ వీసా, రావాలి, ఏడాదికి ఉన్నవి 85 వేలు, దరఖాస్తులు అంతకన్నా చాలా ఎక్కువ, మార్చిలో రిజిస్ట్రేషన్, మూడు ప్రయత్నాలు దొరికితే అదృష్టం. వచ్చాక కూడా ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోడానికి 60 రోజులు. గ్రీన్‌కార్డు ఉద్యోగ కోటాలో ఏడాదికి దాదాపు 1,40,000, అందులో ఒక్క దేశానికి 7 శాతమే అని పరిమితి, మనవాళ్ళ క్యూ పదేళ్ళు దాటిపోయింది, అమ్మానాన్నలతో పాటు డిపెండెంట్‌గా వెళ్ళిన పిల్లలకి 21 నిండితే ఆ స్టేటస్ పోతుంది. పైగా రూల్సు మారతాయి. 2025 సెప్టెంబర్ 19 శుక్రవారం సంతకమైన ఆర్డర్‌తో కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ఆదివారం నుంచే అమల్లోకొచ్చింది, ఇండియాకి సెలవుకొచ్చినవాళ్ళు అది తమకీ పడుతుందేమోనని ఆ రెండు రాత్రులు టికెట్లకోసం పడిన పాట్లు మా కాంప్లెక్స్‌లోనే చూశా. కాబట్టి ప్రతి గడువు పక్కనా, ఇది మారితే నేనేం చేస్తా అని ఒక లైను రాయండి. రాయలేకపోతే ఆ ప్లాన్ ఇంకా కాలేదన్నమాట.

జర్మనీ వాళ్ళకి లెక్క వేరు, గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి, మన చదువు కాగితాలు సరైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. తర్వాత బ్లూ కార్డు (డిగ్రీ ఉన్నవాళ్ళకిచ్చే ఉద్యోగ పర్మిట్) మీద పనిచేస్తూ జర్మన్ భాషలో బీ1 స్థాయి వస్తే 21 నెలలకే పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అర్హత. డబ్బు తక్కువ, భాష ఎక్కువ. మన హైదరాబాద్‌లోనే జర్మన్ నేర్పే గోథే జెంట్రమ్ ఉంది, మూడు నెలలు క్లాసులకెళ్ళి చూడండి, అది విసుగనిపిస్తే అక్కడ బతుకు కూడా అంతే అవుతుంది.

గల్ఫ్‌కి వెళ్ళే జగిత్యాల, నిజామాబాద్ అన్నలకి రెండే మాటలు. ఈమైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో ఏజెంట్ లైసెన్సు చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వొద్దు, వాళ్ళు తీసుకోగలిగే ఫీజు 30 వేలు, పైన జీఎస్టీ. విజిట్ వీసా మీద పనికి రమ్మంటే అస్సలు ఎక్కొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ. ఒక వారం పాటు ఇంటికోసం మీరు చేసే పనులన్నీ రాయండి, చిన్నదైనా సరే. ట్యాంకర్‌కి ఫోన్ చెయ్యడం, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, నాన్నకి ఓటీపీ చదివి పెట్టడం, బీపీ మాత్రలు అయిపోకముందే తేవడం, అమ్మని మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి లిఫ్ట్ పనిచెయ్యకపోతే మెట్ల దగ్గర పట్టుకోవడం. వారం అయ్యేసరికి నలభై యాభై లైన్లు వస్తాయి. ఒక్కోదాని ఎదురుగా, నేను లేకపోతే ఎవరు చేస్తారు అని పేరు రాయండి. ఎవరో ఒకరు చూస్తారు అని రాయకూడదు, పేరే రాయాలి. ఖాళీగా మిగిలిన లైన్లకి డబ్బిచ్చి మనిషిని పెడతారా, నాన్నకే నేర్పిస్తారా, లేక వాటికోసం ఉండిపోతారా అనేది అప్పుడు తేలుతుంది.

అమ్మానాన్నల్ని కలిపి అడగకండి. కలిపి అడిగితే, మా గురించి నువ్వేం పెట్టుకోకు అనే ఒకటే జవాబు వస్తుంది. నాన్నని పొద్దున వాకింగ్‌లో ఒక్కరినే అడగండి, అమ్మని వంటింట్లో పని చేస్తున్నప్పుడు అడగండి. ఇంకోటి, నిజం చెప్తామని మాట తీసుకోండి. మా నాన్నకి స్టెంట్ వేశారని నాకు 11 రోజుల తర్వాత తెలిసింది, ఆ 11 రోజులూ ఫోన్‌లో బాగున్నాం అన్నారు, హాస్పిటల్ బెడ్ మీద నుంచి కూడా అదే మాట అన్నారు. అప్పటినుంచీ నేనందరికీ చెప్పేది, ఇంట్లోవాళ్ళు కాని మనిషి ఒకరికి, కింద ఫ్లోర్ ఆంటీకో ఎవరికో, ఏం జరిగినా నాకు చెప్పండి అని నంబర్ ఇచ్చి వెళ్ళండి. అమ్మానాన్నలకి హెల్త్ ఇన్సూరెన్స్ ఈ రోజే తీసుకోండి, ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ ఉండొచ్చు. ఆస్తి పనులుంటే జీపీఏ (మన తరఫున వేరేవాళ్ళు సంతకం చెయ్యడానికి ఇచ్చే అధికార పత్రం) ఇక్కడే రిజిస్టర్ చేయించి వెళ్ళండి, అక్కడినుంచి పంపాలంటే మన కాన్సులేట్‌లో అటెస్టేషన్, ఇక్కడికొచ్చాక మూడు నెలల్లో స్టాంపింగ్, తిరగలేక చస్తారు.

పెళ్ళయినవాళ్ళు ఇద్దరూ వేరేవేరే గదుల్లో రాసి తర్వాత మార్చుకుని చదవండి. హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్ళిన భార్యకో భర్తకో, అవతలివాళ్ళ ఐ140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యేదాకా మామూలుగా పనిచేసే వీలు ఉండదు. నాకు తెలిసిన డెంటిస్ట్ ఒకావిడ అట్లా నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుంది, ఆ నాలుగేళ్ళు ఏ లెక్కలోనూ ముందు రాసుకోలేదు వాళ్ళు.

ఉండిపోవడానికి కూడా ఇదే నోట్‌బుక్ వాడాలి. వీసా రాలేదు కాబట్టి ఉన్నా అనేది నిర్ణయం కాదు, అది పదేళ్ళ తర్వాత కూడా గుచ్చుతుంది. మీ ఫీల్డులో మీరు చెయ్యాలనుకునే పని ఇక్కడ ఉందా లేదా చూడండి. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారింది, అదే నానక్‌రామ్‌గూడలో అమెజాన్ 2019లో తెరిచిన పెద్ద క్యాంపస్ ఉంది, వీసా లైనూ అమెరికా ఉద్యోగమూ ఒకే ఏరియాలో. అలాంటి కంపెనీలో ఇక్కడ ఏడాది చేస్తే ఎల్1 (అదే కంపెనీ అమెరికా ఆఫీసుకి బదిలీ మీద వెళ్ళే వీసా) మీద పంపించే అవకాశం ఉంటుంది, భాగస్వామికి కూడా వాళ్ళకిచ్చే ఎల్2 వీసా మీద పనిచేసే వీలుంటుంది, లోను ఉండదు, కుదరకపోతే అదే కంపెనీకి వాపస్ రావచ్చు. నా ఉద్దేశంలో వీటన్నిటిలోకీ వాపసు ఖర్చు తక్కువున్న దారి ఇదే, కానీ కంపెనీ పంపిస్తుందన్న గ్యారంటీ లేదు, అది తెలుసుకునే చేరండి.

ఇక పౌరసత్వం గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి. మనకి రెండు పౌరసత్వాలు కుదరవు, అక్కడిది తీసుకుంటే ఇక్కడిది పోతుంది, విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనలేరు. అది అక్కడ చాలా ఏళ్ళుండి తేల్చుకునే సంగతి.

చివరి పేజీలో తేదీ వెయ్యండి. ఫలానా తేదీకి ఫలానాది జరగకపోతే వచ్చేస్తాం అని, పిల్లలు అక్కడి స్కూలుకి అలవాటు పడకముందే వచ్చే తేదీ. మేం 2018 జూన్ అని రాసుకున్నాం, జూన్‌లోనే వచ్చాం, అది ముందే రాసి లేకపోతే ఇంకో ఏడాది ఇంకో ఏడాది అని అక్కడే ఉండేవాళ్ళం. చిలుకూరులో మొక్కుకుని 11 ప్రదక్షిణలు చేసేవాళ్ళు చెయ్యండి, నేనూ చేశాను, కానీ ఏం మొక్కుకోవాలో ఈ పేజీలు నిండాకే తెలుస్తుంది.

మా పిన్ని కొడుకు అడ్మిషన్ వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యమని యూనివర్సిటీని అడిగాడు, ఈలోపు ఇక్కడ ఉద్యోగంలో చేరాడు, ఇంటి కాగితాలు మళ్ళీ బీరువాలోకెళ్ళాయి. నోట్‌బుక్‌లో ఖాళీగా మిగిలిన లైన్లు బాబాయికే ఒక్కొక్కటిగా నేర్పిస్తున్నాడు. మొన్న బాబాయి ఎవర్నీ అడక్కుండా ట్యాంకర్ తనే బుక్ చేసుకుని ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపారు.