ఫైబర్ సెన్సర్ సరిగ్గా పట్టడం లేదా? టీచ్ బటన్ నొక్కే ముందు ఇది చూడండి

సమస్య: ప్యాకింగ్ లైన్‌లో ప్లాస్టిక్ ఫైబర్ సెన్సర్ (సన్నని తీగలో వెలుగు పంపి డబ్బా వచ్చిందో లేదో కనిపెట్టేది) పొద్దున బాగానే పనిచేస్తుంది, మధ్యాహ్నానికి ఒకటీ అరా డబ్బాలను వదిలేస్తుంది. ఆపరేటర్ మళ్లీ టీచ్ చేస్తాడు, అంటే బటన్ నొక్కి డబ్బా ఉంటే ఎంత వెలుగో, లేకుంటే ఎంతో సెన్సర్‌కు నేర్పుతాడు, సర్దుకుంటుంది. రెండు రోజులకు మళ్లీ మొదటికే.

ముందు హెడ్, అంటే డబ్బా వైపు చూసే ఫైబర్ చివర, తుడవండి. మెత్తటి పొడిగుడ్డ చాలు, థిన్నర్ వద్దు. దుమ్ము మీదే టీచ్ చేస్తే థ్రెషోల్డ్ (డబ్బా ఉందో లేదో తేల్చే హద్దు నంబర్) ఆ దుమ్ముకు తగ్గట్టు కూర్చుంటుంది. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టినా దాటేసేది దీన్నే.

తుడిచాక డిస్‌ప్లేలో నంబర్ చూడండి, అందుతున్న వెలుగు ఎంతో అది చెబుతుంది. డబ్బా ఉన్నప్పుడెంత, లేనప్పుడెంత? ఎదురెదురు హెడ్‌ల రకంలో బిగించిన రోజు ఖాళీలో 3800 ఉన్నది ఇప్పుడు 1500కి పడిపోయిందనుకోండి, టీచ్ చేస్తే ఆ తగ్గుదల మీద ముసుగు కప్పినట్టే. హెడ్ కదలకుండా, యాంప్లిఫయర్ (ఫైబర్ వచ్చి దూరే, డిస్‌ప్లే ఉన్న పెట్టె) దగ్గర ఫైబర్‌ను వేలితో మెల్లగా ఊపండి. నంబర్ ఎగిరెగిరి పడితే దొంగ అక్కడే ఉన్నాడు.

కారణం: యాంప్లిఫయర్‌లోకి వెళ్లే ఫైబర్ కొస. ఫైబర్ కోసే చిన్న కట్టర్‌లో ఒక్కో రంధ్రం ఒక్క కోతకే. వాడిన రంధ్రంలోనే మళ్లీ కోస్తే బ్లేడు మొద్దుబారిన చోటే పడి, కొస నలిగి తెల్లగా, ఏటవాలుగా వస్తుంది. వెలుగు పూర్తిగా ఆగదు, తగ్గుతుంది. అందుకే దొరకదు. బ్లేడుతోనో నిప్పర్‌తోనో కోసినా ఇంతే. రెండో మోసం యాంప్లిఫయర్ లోపలి రబ్బరు రింగు. ఫైబర్ దాని దగ్గర కాస్త బిగుసుకుంటుంది, చివరిదాకా వెళ్లిందనుకుని లాక్ వేసేస్తారు. మెషిన్ అదురుకు ఆ మిగిలిన సందులో కొస ఆడుతూ ఉంటుంది.

పరిష్కారం: వాడని రంధ్రంలో పెట్టి ఒకే ఊపులో కోయండి, యాంప్లిఫయర్‌లోకి వెళ్లే రెండు కొసలూ. యాంప్లిఫయర్ పక్కన చూపిన లోతు కొలిచి ఫైబర్ మీద మార్కర్‌తో గీత పెట్టండి. లాక్ తెరిచి, రింగు దాటించి గీత దాకా తోసి, అప్పుడు లాక్ వేయండి. 2.2 మి.మీ. ఫైబర్ నేరుగా పడుతుంది. 1 మి.మీ. సన్నదైతే అడాప్టర్ తప్పనిసరి, లేకుంటే లాక్ దాన్ని పట్టనే పట్టదు. నంబర్ పాత స్థాయికి వచ్చాకే టీచ్ చేయండి. గ్లాస్ ఫైబర్‌కు ఈ కోత వర్తించదు, దాన్ని మాత్రం కోయకండి.

కోయాక్సియల్ రకంలో (నడుమ ఒక కోర్, దాని చుట్టూ సన్న కోర్లు ఉండేది) మధ్య కోర్ ఉన్న తీగ, గుర్తు ఉన్నది, వెలుగు పంపే వైపే వెళ్లాలి.

మిగతావి అరుదు. కేబుల్ టై బిగించిన చోట మడత పడితే ఫైబర్ మార్చేయడమే. మామూలు రకానికి వంపు వ్యాసార్థం 25 మి.మీ.కి తగ్గకూడదు. పక్క సెన్సర్ వెలుగు తగులుతుంటే యాంప్లిఫయర్లను సందు లేకుండా ఆనించండి, అతివేగం మోడ్ తీసేయండి. చాలా మోడళ్లలో ఆ మోడ్‌లో పక్క వెలుగు నుంచి రక్షణ పనిచేయదు. సీలింగ్ హీటర్ పక్కన 70 డిగ్రీలు దాటితే ప్లాస్టిక్ పనికిరాదు.

యాంప్లిఫయరే పోయిందంటారా? కొత్తది ఆర్డర్ పెట్టకముందు పక్కదాని ఫైబర్ తీసి ఇందులో పెట్టండి. నంబర్ వస్తే యాంప్లిఫయర్ బాగానే ఉన్నట్టు.