ఛార్జింగ్ ఎక్కని ఫోను: షాపు మెట్లెక్కే ముందు

పిన్ను గుచ్చినా బ్యాటరీ బొమ్మ మీద మెరుపు గుర్తు రాకపోతే లోపం ఐదు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు: గోడ ప్లగ్గు, అడాప్టరు, వైరు, ఫోను జాక్ (పిన్ను గుచ్చే రంధ్రం), ఫోను లోపలి భాగాలు. కరెంటు ఈ వరుసలోనే వస్తుంది కాబట్టి వెతకడం కూడా ఇదే వరుసలో సాగాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. వైరునీ అడాప్టరునీ కలిపి మార్చేస్తే ఛార్జింగ్ ఎక్కినా రెండిట్లో పాడైందేదో తెలియదు, బాగున్నదాన్ని కూడా పారేస్తాం.

ఫోనులో ఇంకా పదో పదిహేనో శాతం మిగిలుంటే ముందు ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ చేసుకోండి. పూర్తిగా ఆరిపోయాక ఆ అవకాశం ఉండదు.

గోడ ప్లగ్గు సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అదే ప్లగ్గులో ఇంకో ఫోను పెట్టి చూడండి. తిరుపతి లాడ్జీల్లో, సత్రాల్లో రోజూ ఎంతోమంది వాడే ప్లగ్గుల రంధ్రాలు వదులైపోతాయి. అడాప్టరు బరువుకి కిందికి వాలి, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. అమెరికా నుంచి పిల్లలు పంపిన బద్ద పిన్నుల అడాప్టరైతే ఈ తంటా ఇంకా ఎక్కువ. ఇక పల్లెల్లో మోటార్లు ఆడే వేళ ఓల్టేజీ పడిపోయి ఫోను ఎక్కట్లేదని అనుకుంటారు గానీ, చాలావరకు అది కారణం కాదు. అడాప్టరు మీద ‘ఇన్‌పుట్’ అన్నచోట చూడండి, 100 నుంచి 240 ఓల్టుల వరకు పనిచేస్తుందని రాసి ఉంటుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతున్నా అడాప్టరు తన పని తాను చేస్తుంది.

వైరు ఎక్కువగా తెగేది పిన్ను మెడ దగ్గరే. పైన ప్లాస్టిక్ బాగానే కనిపిస్తుంది, లోపల సన్నటి రాగి తీగలు తెగిపోయి ఉంటాయి. పిన్ను గుచ్చి, మెడ దగ్గర వైరుని అటూ ఇటూ కొంచెం వంచండి. మెరుపు గుర్తు వచ్చి పోతుంటే వైరుని పక్కన పెట్టేయండి, టేపు చుట్టి వాడొద్దు, అక్కడే వేడెక్కుతుంది. మెల్లగా ఎక్కడం వేరు, అసలు ఎక్కకపోవడం వేరు. కొన్ని కంపెనీల ఫాస్ట్ ఛార్జింగ్‌కి వాళ్ళ అడాప్టరు, వాళ్ళ వైరు రెండూ ఉండాలి. వేరేవి పెడితే మామూలు వేగంతోనే ఎక్కుతుంది. పాత కంప్యూటరు యూఎస్‌బీలో పెడితే వచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. స్క్రీన్ వెలుగుతూ, వీడియో నడుస్తుంటే ఆ కొంచెమూ దానికే సరిపోతుంది, శాతం కదలదు.

కొత్త అడాప్టరు కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ నంబరు నిజమైనదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి తెలుసుకోవచ్చు.

అసలు చూడాల్సింది జాక్. ఎక్కువమంది షాపులో డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఫోను రోజంతా ప్యాంటు జేబులో ఉంటుంది, గుడ్డ నూగు జాక్‌లోకి పోతుంది. మనం రోజూ పిన్ను గుచ్చి ఆ నూగుని ఇంకా లోపలికి దట్టిస్తాం. కొన్ని నెలలకి అది జాక్ అడుగున బూడిద రంగు గుడ్డముక్కలా గట్టిపడుతుంది. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ పనుల్లో ఉన్నవాళ్ళ ఫోన్లలోనైతే రాతిపొడి కూడా దాంతో కలుస్తుంది. కొండ నుంచి దిగేటప్పుడు లడ్డు కవరూ ఫోనూ ఒకే సంచిలో పడేస్తే నెయ్యి జిడ్డు జాక్‌కి అంటి, దుమ్ముని పట్టి ఉంచుతుంది.

గుర్తుపట్టడం తేలిక. మంచి వైరు పిన్ను పూర్తిగా దిగితే దాని ఇనుప భాగం బయటికి కనిపించదు, చిన్నగా ‘టక్’మని పట్టు దొరుకుతుంది. గోరు దూరేంత సందు మిగిలినా, కొంచెం తగిలితే పిన్ను జారిపోతున్నా లోపల చెత్త ఉన్నట్టే. టైప్-సీ పిన్ను ఒకవైపు తిప్పి పెడితే ఎక్కి, రెండోవైపు ఎక్కకపోతే అదీ జాక్‌లోని మురికో, విరిగిన కొనో.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ఫోను స్విచాఫ్ చేయండి. ఇంకో ఫోను టార్చి వేసి జాక్‌లోకి చూడండి. టైప్-సీలో మధ్యన నాలుకలాంటి సన్నటి పలక ఉంటుంది, దాని మీదే రాగి రంగు గీతలు ఉంటాయి. పళ్ళ సందుల్లో పెట్టుకునే చెక్క టూత్‌పిక్ కొనని బ్లేడుతో బద్దలా పలచగా చెక్కండి. కొబ్బరి చీపురు పుల్లైనా పనికొస్తుంది గానీ ఎండి పెళుసెక్కింది వద్దు, లోపలే విరుగుతుంది. ఆ నాలుకని తాకకుండా, పక్క గోడల వెంట అడుగుదాకా దించి, చెత్తని మెల్లగా బయటికి గీకండి. ఫోను జాక్ కిందికి ఉండేలా పట్టుకుంటే రాలింది మళ్ళీ లోపలికి పోదు. సూది, పిన్నీసు, సిమ్ పిన్ను వాడనే వాడొద్దు. ఇనుము ఆ గీతలకి తగిలితే షార్ట్ అవుతుంది, నాలుక విరిగితే జాక్ మొత్తం మార్చాల్సిందే. నోటితో ఊదొద్దు, నోటి తడి లోపలికి పోతుంది. జిడ్డుంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మెత్తటి బ్రష్ కొనకి కొంచెం అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే ఫోను ఆన్ చేయండి.

తడి ఇంకో పెద్ద కారణం. అలిపిరి మెట్లెక్కేటప్పుడు చెమటకి తడిసిన జేబు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండ మీద వాన, రెండూ జాక్‌కి చేటే. స్క్రీన్ మీద నీటిచుక్క గుర్తు వస్తే ఫోను పాడైందని కాదు, తనని తాను కాపాడుకుంటోందని. బలవంతంగా ఛార్జింగ్ పెట్టొద్దు. తడి మీద కరెంటు పారితే ఆ రాగి గీతలు పచ్చగా చిలుం పట్టి తినుకుపోతాయి. జాక్ కిందికి పెట్టి అరచేతి మీద నెమ్మదిగా తట్టండి. ఫ్యాను గాలి తగిలేచోట కనీసం అరగంట ఉంచండి, గుర్తు పోకపోతే ఒక రోజంతా. బియ్యం డబ్బాలో పెడితే తవుడు, పొడి జాక్‌లో చేరి ఇంకో సమస్య తెస్తాయి. హెయిర్ డ్రయ్యరు వేడి కూడా వద్దు. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న ఫోనైతే వెనకవైపు తుడిచి, ఈలోగా వైర్‌లెస్ ఛార్జరు మీద పెట్టుకోవచ్చు.

ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. బ్యాటరీ దాదాపు 45 డిగ్రీలకి చేరితే ఫోను తానే ఛార్జింగ్ తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. కారు డ్యాష్‌బోర్డు మీదో, ఎండలో బండి హ్యాండిల్‌కో పెట్టి మ్యాప్ చూసుకుంటూ వచ్చాక ఎక్కకపోతే కవరు తీసి నీడలో చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పడుతుంది.

చాలారోజులు పక్కన పడేసిన ఫోనుకి వెంటనే వెలుగు రాదు. బ్యాటరీ బాగా పడిపోయినప్పుడు ముందు చాలా కొద్ది కరెంటే తీసుకుంటుంది. అరగంట అలాగే వదిలేసి, తర్వాత (చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో) పవర్ బటన్‌ని, వాల్యూమ్ తగ్గించే బటన్‌ని కలిపి పది ఇరవై సెకన్లు నొక్కి పట్టండి. 80 శాతం దగ్గరే ఆగుతుంటే సెట్టింగుల్లో బ్యాటరీ రక్షణ ఆన్ అయిందేమో చూడండి.

వెనక మూత లేచినా, స్క్రీన్ అంచు ఉబ్బినా పరీక్షలన్నీ ఆపేయండి. బ్యాటరీ ఉబ్బింది. నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, నేరుగా సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళండి.

ఇవన్నీ చూశాక కూడా ఎక్కకపోతే అప్పుడు షాపు. “అన్నా, ముందు మీటరు పెట్టి ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో చూడు” అని అడగండి. యూఎస్‌బీ మీటరు సున్నా చూపిస్తే జాక్‌నో లోపలి దారినో అనుమానించాలి. కరెంటు తీసుకుంటూనే శాతం పెరగకపోతే బ్యాటరీని చూడాలి. చాలా ఫోన్లలో జాక్ ఒక చిన్న బోర్డు మీద ఉంటుంది, మైకు కూడా తరచుగా దాని మీదే. కాల్‌లో మీ మాట అవతలివాళ్ళకి వినిపించకపోవడం, ఛార్జింగ్ ఎక్కకపోవడం ఒకేసారి మొదలైతే ఆ బోర్డు మారిస్తే సరిపోయే అవకాశం ఎక్కువ, మదర్‌బోర్డు దాకా పోనక్కర్లేదు. ఇచ్చేముందు సిమ్, మెమరీ కార్డు తీసుకోండి, ఫోనులో రిపేర్ మోడ్ (మీ సొంత ఫొటోలు, మెసేజులు రిపేరు చేసేవాళ్ళకి కనపడకుండా దాచేది) ఉండి స్క్రీన్ పనిచేస్తుంటే అది ఆన్ చేయండి. మార్చిన పాత బోర్డుని అడిగి వెనక్కి తీసుకోండి.