రోమన్ శాసనాలు చదువుదాం – 3వ పాఠం: ఒక మనిషి, మూడు రాళ్లు, రెండు నాణేలు

మొదటి పాఠంలో అక్షరాలు, రెండో పాఠంలో పొడి అక్షరాలు అయ్యాయి. ఇప్పుడు నిజం రాతి మీదికి వెళదాం. ఈ పాఠానికి తీసుకున్న మనిషి మార్కుస్ విప్సానియుస్ అగ్రిప్పా. అతని పేరున్న రాతలు పొట్టివి, వాటిలో అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, పైగా కొత్తగా నేర్చుకునేవాళ్లను బాగా బోల్తా కొట్టిస్తాయి.

మనిషి గురించి పాఠానికి కావలసినంతే. క్రీ.పూ. 63 ప్రాంతంలో పుట్టాడు. తర్వాత అగస్టస్ చక్రవర్తి అయిన ఆక్టేవియన్‌కు చిన్ననాటి స్నేహితుడు. క్రీ.పూ. 36లో సిసిలీ దగ్గర నౌలోకుస్ యుద్ధం, క్రీ.పూ. 31లో సెప్టెంబరు 2న గ్రీసు తీరంలో ఆక్టియుమ్ యుద్ధం, ఈ రెండింటిలోనూ ఓడలు నడిపించి గెలిపించింది ఇతనే. ఏలిక మాత్రం స్నేహితుడు. క్రీ.పూ. 37, 28, 27 సంవత్సరాల్లో కాన్సుల్, అంటే రోములో ఏటా ఇద్దరికి దక్కే అత్యున్నత పదవి. మధ్యలో 33లో ఒక విచిత్రం చేశాడు. అప్పటికే కాన్సుల్ అయినవాడు కాస్తా మెట్టు దిగి, వీధులూ నీళ్లూ మురుగుకాల్వలూ చూసుకునే ఈడైల్ పదవి తీసుకున్నాడు. 19లో అతను రోముకు తెచ్చిన ఆక్వా విర్గో కాలువ, మరమ్మతులతో, ఈనాటికీ ట్రెవీ ఫౌంటెన్‌కు నీళ్లిస్తోంది. క్రీ.పూ. 12లో చనిపోయాడు.

కావలసినవి: గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, శాసనానికి ఎదురుగా తీసిన ఫొటో (కింది నుంచి ఏటవాలుగా తీసింది వద్దు, అక్షరాలు కుంచించుకుపోతాయి). నోట్‌బుక్‌లో మీరు రోమన్ లిపిలోనే రాసుకోండి. చదివే తీరు తెలియడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

మొదటి రాయి: రోములో పాంథియాన్ గుడి

ముందు వసారా స్తంభాల మీద అడ్డంగా ఉన్న దూలం చూడండి. పెద్ద కంచు అక్షరాలు, ఒకటే వరుస:

ఎం · అగ్రిప్పా · ఎల్ · ఎఫ్ · కోస్ · తెర్తియుమ్ · ఫేకిత్

మొదటి పని, అర్థం జోలికి పోకుండా ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకోవడం. గడికి ఒక అక్షరం, చుక్కకు ఒక గడి. ఈ చుక్క వాక్యాంతం కాదు, మాటకీ మాటకీ మధ్య ఎడం. చుక్కల మధ్య ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టండి: ఏడు. ఐదో ముక్కలో సి, ఓ, ఎస్ అనే మూడు అక్షరాలే ఉంటాయి. ఆరో ముక్కలో ‘ఉ’ ఉండాల్సిన చోట ‘వి’ ఆకారం కనబడుతుంది. దాన్ని సరిదిద్దకండి, రాతిలో ఉన్నట్టే దించండి.

రెండో పని, పొడి అక్షరాలను విప్పడం. విప్పి రాసిన భాగాన్ని గుండ్రటి బ్రాకెట్లో పెట్టాలి. రాయి విరిగిపోయి మనం ఊహించి పూరించిన భాగానికి చతురస్రపు బ్రాకెట్. ఈ పద్ధతి 1931లో లైడెన్‌లో కుదిరింది, శాసనాల పుస్తకాలన్నీ దీన్నే పాటిస్తాయి. రెండు బ్రాకెట్లనూ కలిపేస్తే రాతిలో ఉన్నదేదో, మీరు చేర్చిందేదో వారం తర్వాత మీకే తెలియదు.

ఇక్కడే తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన గొయ్యి ఉంది. పేరు ముందు పొడి అక్షరం చూడగానే మనకు ఇంటిపేరు అనిపిస్తుంది. రోమన్ పద్ధతి దానికి తలకిందులు. ముందున్న ‘ఎం’ పెట్టిన పేరు, మార్కుస్. వంశం పేరు దాని తర్వాత పూర్తిగా రాస్తారు. చివర వచ్చేది కుటుంబంలో శాఖను గుర్తించే మూడో పేరు. అంటే ఇతను ‘మార్కుస్, విప్సానియుస్, అగ్రిప్పా’ అనే వరుసలో ఉండాలి. రాతిలో మధ్యది లేదు!

అక్షరాలు రాలిపోయి కాదు. విప్సానియుస్ అన్నది ఏ పేరూ ప్రతిష్ఠా లేని వంశం. తండ్రి సామాన్యుడని చెప్పేస్తుందని ఆ పేరును అగ్రిప్పాయే వాడడం మానేశాడని పెద్ద సెనెకా రాశాడు. కాబట్టి విప్పేటప్పుడు ‘విప్సానియుస్’ అని చేర్చకండి. లేనిదాన్ని లేనట్టే ఉంచడం కూడా చదవడమే.

తర్వాత ‘ఎల్ · ఎఫ్’. ఎల్ అంటే లూకియుస్, ఎఫ్ అంటే ఫీలియుస్, కొడుకు. మన దస్తావేజుల్లో పేరు పక్కన ‘తండ్రి’ అని రాసే గడి లాంటిది. ఎల్‌ను అగ్రిప్పాకే రెండో పేరుగా చదవడం అందరూ చేసే తప్పు. వెనక ఎఫ్ ఉందంటే ముందు అక్షరం తండ్రిది.

‘కోస్’ అంటే కాన్సుల్. మధ్యలో ‘ఎన్’ ఏమైంది? పాతకాలపు పలుకులో అది వినబడేది కాదు. పలుకు మారినా పొడి రూపం మారలేదు.

‘తెర్తియుమ్’ దగ్గర కాసేపు ఆగాలి. మూడు నిలువు గీతలతో పోయేదానికి మాట మొత్తం ఎందుకు చెక్కించారు? ఈ మాట వెనక ఒక పాత తగువుంది. అంతకు ఒక తరం ముందు పాంపే అనే సేనాని తన గుడి మీద ‘మూడోసారి కాన్సుల్’ అని చెక్కించబోతే ‘తెర్తియుమ్’ అనాలా, ‘తెర్తియో’ అనాలా అని పండితులు రెండుగా చీలిపోయారట. తీర్పు చెప్పమంటే వక్త సిసిరో ఏ పక్షాన్నీ నొప్పించకుండా, మాటను ‘తెర్త్’ దగ్గర ఆపేయమన్నాడట. క్రీ.శ. 2వ శతాబ్దపు రచయిత గెల్లియుస్ ఈ సంగతి చెబుతూ పండితుడు వర్రో చెప్పిన తేడా కూడా ఇచ్చాడు: తెర్తియుమ్ అంటే మూడోసారి, తెర్తియో అంటే వరుసలో మూడోవాడు. పాంథియాన్ మీదిది సారి లెక్క.

‘ఫేకిత్’ అంటే చేశాడు. కర్త ఉంది, క్రియ ఉంది, కర్మ లేదు. ఎదురుగా నిలబడ్డ కట్టడమే కర్మ. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘కట్టించాడు’ అనండి, ‘కట్టాడు’ కాదు.

మొత్తం: లూకియుస్ కొడుకు మార్కుస్ అగ్రిప్పా, మూడోసారి కాన్సుల్, కట్టించాడు.

ఇక తేదీ. మూడో కాన్సుల్ పదవి క్రీ.పూ. 27. సరే, కట్టడం కూడా 27దే అని రాసేశారా? చెరిపేయండి. అగ్రిప్పా కట్టించింది క్రీ.శ. 80లో కాలిపోయింది. డొమిషియన్ చక్రవర్తి మళ్లీ కట్టించాడు, అదీ 110లో కాలింది. ఇప్పుడున్నది హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, 126 ప్రాంతంలో పూర్తయింది. అతను తన పేరు వేసుకోకుండా పాత కర్త పేరే పెట్టించాడు. ఈ గుట్టు 1892లో గోడల్లోని ఇటుకల మీద ముద్రలు పరిశీలించాక గానీ తేటపడలేదు. అదే దూలం మీద, పెద్ద అక్షరాల కింద, సన్నగా ఇంకో రెండు వరుసలున్నాయి చూడండి. సెప్టిమియుస్ సెవెరుస్, కారకల్లా అనే చక్రవర్తులు 202లో మరమ్మతు చేయించినట్టు చెప్పే రాత అది. ఫొటోల్లో చాలామంది దాన్ని గమనించరు.

అందుకే నోట్‌బుక్‌లో రెండు గడులు గీసుకోండి: ‘మాటల తేదీ’, ‘వస్తువు తేదీ’. ఈ పాఠంలో ఇంకేం మరిచిపోయినా ఈ రెండు గడులు మరవకండి.

రెండో రాయి: స్పెయిన్‌లో మెరీడా

ఇది అగస్టస్ తన పాత సైనికుల కోసం క్రీ.పూ. 25లో పెట్టించిన ఊరు. అక్కడి నాటకశాల పక్క దారుల మీద దూలాల్లో:

ఎం · అగ్రిప్పా · ఎల్ · ఎఫ్ · కోస్ · III · త్రిబ్ · పోత్ · III

ఈసారి నిలువు గీతలే (ఇక్కడ ఉన్నట్టే ఇచ్చాం). మొదటి ఆరు ముక్కలూ మీరే విప్పేయగలరు. కొత్తది ‘త్రిబ్ · పోత్’, అంటే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల తరఫు అధికారి) అధికారం. తేదీ తేల్చడానికి దీన్ని మించింది లేదు. కాన్సుల్ లెక్క ఒకసారి మూడుకు చేరాక చచ్చేదాకా మూడే, కాబట్టి ‘27 గానీ ఆ తర్వాత గానీ’ అని మాత్రమే చెబుతుంది. ట్రిబ్యూన్ అధికారం ఏటేటా ఒకటి పెరుగుతుంది.

అగ్రిప్పాకు అది మొదట దక్కింది క్రీ.పూ. 18లో. అంటే ఒకటి 18, రెండు 17, మూడు 16. సూత్రం: 19లోంచి అంకె తీసేయండి. ఆ ఏడాది జనవరి 1న మొదలవదు గనుక 16–15 అని రాయాలి. ఒక్క సంవత్సరం వేయడం తొందరపాటు.

అగస్టస్ విషయంలో మొదటిది క్రీ.పూ. 23. అందువల్ల 24లోంచి అంకె తీసేయాలి. అంకె 24 గానీ ఆపైన గానీ ఉంటే ఈ సూత్రం సున్నా ఇస్తుంది, లేదా రుణసంఖ్య. సున్నా సంవత్సరం లేదు కాబట్టి అక్కడినుంచి అంకెలోంచి 23 తీసి క్రీ.శ. అనుకోండి. 37వ సారి అని ఉంటే క్రీ.శ. 14, అతను చనిపోయిన ఏడు.

మూడో రాయి: ఏథెన్స్ అక్రోపోలిస్

కొండ మెట్లెక్కుతుంటే ఎడమవైపు ఎత్తైన పాలరాతి దిమ్మె. రాత గ్రీకులో ఉంది: ‘లూకియుస్ కొడుకు మార్కుస్ అగ్రిప్పా, మూడుసార్లు కాన్సుల్, తమ ఉపకారి’ అని ఊరి ప్రజలు పెట్టింది. గ్రీకులు పొడి అక్షరాలు వాడకుండా విప్పి రాశారు కాబట్టి మీ విప్పుడు సరైందో లేదో చూసుకోవడానికి ఇది భలే పనికొస్తుంది. అయితే దిమ్మె అగ్రిప్పా కోసం కట్టింది కాదు. పెర్గమ్ రాజు రెండో యూమెనెస్ రథప్పందెం గెలిచాడని క్రీ.పూ. 178లో నిలిపింది. పాత పేరు తీసి కొత్త పేరు వేశారు. పాంథియాన్‌లో మాటలకంటే వస్తువు వయసులో చిన్నది, ఇక్కడ వస్తువు పెద్దది. మెరీడాలో రెండూ ఒక్క ఈడువే.

ఇంటి దగ్గరి నాణెం

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దెనారియస్‌లు ఒకే కుప్పగా దొరికాయి. ఎక్కువ భాగం అగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కాలానివి. దక్షిణ భారతంలో దొరికే అగస్టస్ వెండిలో ఎక్కువగా కనబడే రకం ఒకటుంది: వెనకవైపు ఇద్దరు కుర్రాళ్లు ఎదురుగా నిలబడి, మధ్యలో నేల మీద నిలిపిన డాళ్ల మీద చేతులు వేసి ఉంటారు. వాళ్లు గయుస్, లూకియుస్. కన్నతండ్రి అగ్రిప్పా, క్రీ.పూ. 17లో దత్తత తీసుకున్నది వాళ్ల తాత అగస్టస్.

నాణెం దాదాపు 18 మిల్లీమీటర్ల అడ్డం, నాలుగు గ్రాములకు కాస్త తక్కువ బరువు. రాత అంచు చుట్టూ తిరిగి, కొంత కుర్రాళ్ల పాదాల కింద ఉంటుంది. చుట్టూ ఉన్నది ముందు చదివితే వాక్యం కుదరదు. పాదాల కింద ఉన్న ‘సి · ఎల్ · కైసరేస్’తో మొదలుపెట్టి, తర్వాత గడియారపు ముల్లు తిరిగే దిక్కున చుట్టూ వెళ్లండి: ‘అవ్‌గుస్తీ · ఎఫ్ · కోస్ · దేసిగ్ · ప్రింక్ · యువెంత్’. ‘సి’ని గయుస్ అనే చదవాలి. గకారానికి వేరే అక్షరం లేని కాలపు అలవాటు పేర్లలో మిగిలిపోయింది. అర్థం: గయుస్, లూకియుస్ సీజర్లు, అగస్టస్ కొడుకులు, కాన్సుల్‌గా ఎంపికైనవారు, యువజన నాయకులు.

అగ్రిప్పా పేరు ఎక్కడా లేదు, గమనించారా? దత్తత పోయాక ‘ఎఫ్’ ముందు కన్నతండ్రి పేరు రాదు. ముందువైపు అగస్టస్ తల చుట్టూ ‘పాతెర్ పాత్రియే’, దేశపిత అన్న బిరుదు ఉంటుంది. అది క్రీ.పూ. 2లో వచ్చింది కాబట్టి నాణెం అంతకంటే పాతది కాదు.

ఒక జాగ్రత్త. మన దగ్గర దొరికే వాటిలో స్థానికంగా అచ్చు తీసిన నకళ్లూ ఉంటాయి. బొమ్మ బాగానే ఉండి అక్షరాలు గీతలూ సున్నాలుగా మారిపోయి ఉంటే కుస్తీ పట్టకండి. అచ్చు చెక్కినవాడికే ఆ లిపి రాదు.

అభ్యాసం

ఒక రాగి ఆస్ నాణెం. ముందువైపు ఓడల ముక్కులతో చేసిన కిరీటం పెట్టుకున్న తల, చుట్టూ ‘ఎం · అగ్రిప్పా · ఎల్ · ఎఫ్ · కోస్ · III’. వెనక త్రిశూలం, డాల్ఫిన్ పట్టుకున్న నెప్ట్యూన్, అటూ ఇటూ ‘ఎస్’, ‘సి’. (1) రాత విప్పండి. (2) కిరీటం దేనికి? (3) రెండు తేదీ గడులూ నింపండి. కింది జవాబులు చూడకుండా పది నిమిషాలు ప్రయత్నించండి.

జవాబులు: (1) పాంథియాన్ రాతలో మొదటి ఐదు ముక్కలు, ఆపైన అంకె. ఎస్, సి అంటే సెనేట్ తీర్మానం ప్రకారం. (2) నౌలోకుస్ విజయానికి ఇచ్చిన నౌకాకిరీటం. (3) మాటల తేదీ: క్రీ.పూ. 27 గానీ తర్వాత గానీ. వస్తువు తేదీ: ఇలాంటివి ఎక్కువగా క్రీ.శ. 37–41 నాటివి, అగ్రిప్పా మనవడు కలిగులా తాత పేరున కొట్టించినవి. రెండో గడిలోనూ 27 వేసినవాళ్లు పాంథియాన్ భాగం మళ్లీ చదవండి.

4వ పాఠంలో అక్షరాలే లేని శాసనం: ఫ్రాన్సులో నీమ్ ఊరి గుడి మీద కంచు అక్షరాలు పోయి మేకుల బొక్కలే మిగిలాయి. 1758లో సెగియే వాటిని చూసి ఈ గయుస్, లూకియుస్‌ల పేర్లే చదివాడు. దానికి గళ్ల కాగితం రెండు తావులు, సన్నమొన పెన్సిల్ సిద్ధం చేసుకోండి.