తుంటి ఆపరేషన్, అటెండెంట్ పాఠాలు – 4: రక్తం ఎక్కిస్తున్నప్పుడు

పోయిన పాఠంలో హిమోగ్లోబిన్ రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. ఆ అంకె తగ్గిందని పెద్దాయనకో బామ్మకో రక్తం పెడతామన్నారనుకుందాం. మంచం పక్కనున్న మీ పనేంటి?

ముందు ఒక ప్రశ్న: "డాక్టర్ గారూ, అంకె చూసి పెడుతున్నారా, లక్షణాలు చూసా?" రక్తం ఎక్కిస్తే బలం వస్తుందని ఇంకో బ్యాగు పెట్టమని బతిమాలే బంధువులు ప్రతి వార్డులోనూ ఉంటారు. 2011లో అమెరికా, కెనడా ఆసుపత్రుల నుంచి ఫోకస్ అనే అధ్యయనం వచ్చింది. తుంటి విరిగి ఆపరేషనైన, గుండెజబ్బు ఉన్న లేదా దాని ముప్పున్న 2,016 మంది మీద చేశారు. సగం మందికి హిమోగ్లోబిన్ 10 లోపుకు దిగగానే రక్తం పెట్టారు. మిగతావాళ్లకు 8 లోపుకు దిగితేనో, లక్షణాలుంటేనో పెట్టారు. 60 రోజులకు చనిపోయినవాళ్లు, ఎవరి సాయమూ లేకుండా గది దాటలేనివాళ్లు కలిపి మొదటి జట్టులో 35.2 శాతం, రెండో జట్టులో 34.7 శాతం. తేడా లేనట్టే. పైగా రెండో జట్టులో సగం మందికి పైగా అసలు రక్తమే పెట్టలేదు.

అలాగని మీరు అడ్డుపడొద్దు. ఛాతీనొప్పి, గుండెదడ, కూర్చోబెడితే కళ్లు తిరగడం ఉంటే, రక్తం ఇంకా పోతూనే ఉంటే లెక్క మారిపోతుంది.

రక్తం అనగానే అందరికీ హెచ్‌ఐవీ టెన్షన్. పరీక్షించిన రక్తంతో ఆ ముప్పు చాలా తక్కువ. ఈ వయసులో అసలు భయం ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. 45 కిలోల బామ్మ ఒంట్లో ఉండే రక్తమే సుమారు 3 లీటర్లు. 300 మి.లీ. బ్యాగంటే అందులో పదో వంతు. గుండె, కిడ్నీలు బలహీనంగా ఉంటే ఆ బరువు తట్టుకోలేవు. అందుకే ఒక బ్యాగు అయ్యాక మళ్లీ చూసి, అవసరమైతేనే రెండోది.

బ్యాగు తగిలించే ముందు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, గ్రూపు చేతి పట్టీతో సరిచూడమని సిస్టర్ని అడగండి. ఒకే వార్డులో ఇద్దరు సుబ్బమ్మలుండటం మామూలే!

మొదటి 15 నిమిషాలు మీరు మంచం పక్కనుంచి కదలొద్దు. చలి, వణుకు, దురద, నడుంనొప్పి వచ్చినా, యూరిన్ బ్యాగులో రంగు ఎర్రబడినా వెంటనే సిస్టర్ని పిలవండి. మతిమరుపున్న పెద్దవాళ్లు నొప్పి చెప్పలేరు, చేత్తో పైపు లాగేస్తారు. దాన్ని చాదస్తం అనుకోకండి.

తర్వాత చూడాల్సింది ఊపిరి. చూస్తున్నట్టు తెలియనివ్వకుండా పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషంపాటు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. రక్తం పెట్టకముందు ఒకసారి లెక్కపెట్టి ఉంటేనే పోల్చడానికి వీలవుతుంది. లెక్క పెరుగుతున్నా, దగ్గు మొదలైనా, పడుకోలేక లేపమన్నా చెప్పేయాలి. బ్యాగు తీసేశాక 12 గంటల వరకూ ఈ ఊపిరి ఇబ్బంది రావచ్చు. త్వరగా అయిపోతుందని రోలర్ (పైపు మీద వేగం మార్చే చిన్న చక్రం) మాత్రం మీరు తిప్పకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన బ్యాగు 4 గంటల్లో పూర్తవ్వాలి, ఆ వేగం సిస్టర్ చూసుకుంటారు.

అభ్యాసం: 82 ఏళ్ల బామ్మ, ఆపరేషనై రెండో రోజు. హిమోగ్లోబిన్ 8.6. ఆయాసం లేదు, ఇడ్లీ తింది, వాకర్ పట్టుకుని నిలబడింది. కొడుకు రెండు బ్యాగులు పెట్టించమంటున్నాడు. మీరు డాక్టర్ని ఏమడుగుతారో రెండు వాక్యాల్లో రాయండి.