లేఖనంలోని దైవ హెచ్చరికను ఆలకించే విధానం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారికి హెచ్చరిక విలువ తెలుసు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటకముందే లక్షలాది మంది ఇళ్లు విడిచి కదిలారు కనుకనే ఎన్నో ప్రాణాలు నిలిచాయి. లేఖనంలోని, అంటే బైబిలులోని, హెచ్చరికనూ తప్పించుకొనే దారిగానే చదవాలి.

యోనా గ్రంథం మూడో అధ్యాయంతో మొదలుపెట్టండి. నలభై రోజుల్లో నగరం నాశనమవుతుందన్న ప్రవక్త యోనా హెచ్చరిక వినగానే నీనెవె రాజు సింహాసనం దిగి, గోనె కట్టుకొని, బూడిదలో కూర్చున్నాడు. ప్రజలు దుర్మార్గం విడిచారు, దేవుడు తలపెట్టిన కీడును మానుకొన్నాడు. ఈ వచనాలను పెదవులు కదిలేలా రెండుసార్లు చదివి, మనసు ఉలిక్కిపడిన మాట దగ్గరే ఆగండి. అక్కడ పొరుగువాని తప్పే గుర్తుకొస్తే, మళ్లీ చదవండి.

ఒక్క వచనాన్ని విడదీసుకొని భయపడవద్దు. గ్రంథమంతటి ఐక్యతను, శ్రీసభ (కతోలిక సంఘం) సంప్రదాయాన్ని గమనించి చదవాలని కతోలిక పీఠాధిపతుల రెండో వాటికన్ మహాసభ 1965లో బోధించింది.

పిదప చేయవలసిన పని ఒక్కటే రాసుకోండి: కూలివానికి బాకీపడిన డబ్బును ఆదివారం బలిపూజకు ముందే ఇచ్చివేయడం వంటిది. పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) తెలుగులో చేయాలా, ఒడియాలోనా అనే సందేహంతో వాయిదా వేయకండి. ఫాదర్‌గారిని ముందే అడిగి, ఈ వారమే వెళ్లండి.