అడవిలో మంట లేస్తే ఎలా ఆపాలి?

మంట కనబడగానే పచ్చికొమ్మ విరుచుకుని దాని మీదికి ఉరికేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏటా ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమల అంచు ఊళ్ళలో ఇదే తంతు. నలుగురు కొడుతుంటారు, పది మంది వీడియో తీస్తుంటారు, మంట మాత్రం పక్కనుంచి దాటిపోతుంది.

మన అడవుల్లో దానంతటది రాజుకునే నిప్పు బహు తక్కువ. ఇప్పపువ్వు ఏరుకోవడం తేలికని చెట్టుకింద ఆకులు తగలబెడతారు. తునికాకు లేతగా రావాలని, పశువులకి కొత్త గడ్డి మొలవాలని అంటిస్తారు. తేనెపట్టుకి పొగబెట్టిన కాగడా అక్కడే పారేస్తారు. శివరాత్రికీ ఉగాదికీ వెంకటాపురం, నాగలూటి మీదుగా శ్రీశైలం నడిచేవాళ్ళలో కొందరు దారిలో వండుకుని పొయ్యి ఆర్పకుండా లేచిపోతారు. ఆకు రాలి నేలంతా గలగలలాడే రోజులు సరిగ్గా అవే.

ఇక్కడ మంట ఎక్కువగా నేలబారునే పాకుతుంది. ఎండుటాకుల మీద మోకాలెత్తు కూడా ఉండదు. బోదగడ్డి తగిలిందా, మనిషెత్తు లేస్తుంది. ఎగువకి ఎక్కేటప్పుడు దాని ఉరుకే వేరు: వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపని లెక్క, పైనున్న గడ్డిని సెగ ముందే ఎండబెట్టేస్తుంది కాబట్టి. అందుకని మంటకి ఎగువన నిలబడకండి. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో ట్రెక్కింగుకి వెళ్ళిన 20 మందికి పైగా చనిపోయింది ఇలాంటి కొండవాలు మీదే.

మొదట బీట్ ఆఫీసరుకి, అంటే మీ వైపు అడవిని చూసుకునే అటవీ శాఖ ఉద్యోగికి, ఫోన్ చేయండి. ఉపగ్రహం చూసి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అలర్టు పంపుతుంది, నిజమే. కానీ ఉపగ్రహం నెత్తిమీదుగా పోయినప్పుడే కదా చూసేది!

సామాను: బ్లోయర్ (గాలి ఊది ఆకుల్ని తోసేసే యంత్రం), దానికి పెట్రోలు, కొడవలి, గొడ్డలి, టార్చి, బూట్లు, నూలు చొక్కా, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. నీళ్ళు తాగడానికి. పాలిస్టర్ చొక్కాతో వచ్చినవాణ్ణి నేను అక్కడి నుంచే వెనక్కి పంపిస్తాను. పచ్చికొమ్మతో మన పెద్దలు ఆర్పలేదా అంటారు. ఆర్పారు. కానీ గట్టిగా కొట్టినప్పుడల్లా రవ్వలు లేచి అవతల పడతాయి. బ్లోయర్ ఉన్నచోట కొమ్మ పట్టడం దండగ. ఇక హెలికాప్టరు కోసం ఎదురుచూసేవాళ్ళకి ఒక మాట. 2014 మార్చిలో శేషాచలం కాలినప్పుడు వైమానిక దళం వచ్చింది, అది తిరుమల కాబట్టి. మీ ఊరి గట్టుకి రాదు.

తర్వాత ఫైర్ లైను. మంట పోతున్న దిక్కున, దానికి బాగా దూరంగా, ఆకూ అలమూ ఊడ్చేసి మట్టి కనబడేలా బాట తీయాలి. వాగు, బండ, బండిబాట లాంటి కాలని చోటు నుంచే మొదలుపెట్టి మళ్ళీ అలాంటి చోటే ముగించండి. వెడల్పు ఆకులకైతే ఆరడుగులు, బోదగడ్డికి పదిహేను. ఊడ్చిన చెత్తని మంట వైపు కుప్పవేయొద్దు, ఇవతల పలచగా చల్లేయండి.

అసలు చిక్కు ఎదురుమంట దగ్గర. లైను అంచున మనమే నిప్పుపెట్టి, మంటకీ లైనుకీ మధ్యనున్నదంతా ముందే కాల్చేయడం. కుదిరితే ఇంతకంటే మంచి ఉపాయం లేదు. కుదరకపోతే ఒక మంట స్థానంలో రెండు మంటలు. అటవీ సిబ్బంది దగ్గరుండి చెబితే తప్ప అగ్గిపుల్ల తీయకండి. అభయారణ్యంలో సొంతంగా నిప్పు పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ కింద నేరం కూడా.

ఎదురుమంట పెట్టేముందు మధ్యలో మనుషులెవరూ లేరని రూఢి చేసుకోవాలి. వెదురు కొట్టేవాళ్ళో, గొడ్లకాపరో, గూడెం నుంచి గడ్డల కోసం వచ్చిన ఆడవాళ్ళో ఉండొచ్చు. కేక వేస్తే చాలదు, ఒకరు తిరిగి చూసి రావాల్సిందే.

గాలి చూడటం అందరికీ వచ్చనుకుంటారు. పిడికెడు మెత్తటి మట్టి వదిలి చూడండి. అది మీ మొహం మీదికి వస్తుంటే ఆగండి. పగలు గాలి కొండెక్కుతుంది, పొద్దుగూకాక దిగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎదురుమంట పెడదామనేవాడితో నేను పనిచేయను. రాత్రి చల్లబడ్డాక, తెల్లవారుజామున మంట మందగిస్తుంది, మన పని అప్పుడే.

కొండ మీదైతే లైను శిఖరానికి అవతలి పక్కన తీసి, పైనుంచి అంటించండి. నిప్పు కిందికి నెమ్మదిగా దిగుతుంది. కింద అంటించారంటే అది మీకంటే ముందే పైకి చేరుతుంది. అంటించేది ఒక్కరే, చెప్పేది ఒక్కరే. ఒకేసారి పొడుగునా పెట్టుకుంటూ పోవద్దు. ఇరవై అడుగులు అంటించి, అది లోపలికి పాకిందని చూసి, అప్పుడు మరో ఇరవై. మిగతావాళ్ళు మంటకి వీపు పెట్టి ఇవతలి అడవిని చూస్తుండాలి. రవ్వ పడేది అటే. ఈ మాట ఎంత చెప్పినా వినరు, అందరూ మంటనే చూస్తుంటారు! పెద్ద మంట దగ్గరికొచ్చేసరికి గాలిని తన వైపు లాగుతుంది, మన మంట కూడా దానితో పోతుంది. అది జరగకపోగా పొగ మీ మీదికి తిరిగిందంటే బ్లోయరు పారేసైనా సరే, ముందే చూసిపెట్టుకున్న దారిన వెళ్ళిపోండి. ఎక్కడికంటే, పూర్తిగా కాలి చల్లారిన నేల మీదికి.

రెండు మంటలూ కలిసి చప్పున ఆగిపోగానే అందరూ ఇళ్ళకి పోతారు. పోకండి. అంచు పొడుగునా ముప్పై అడుగుల లోపలి దాకా నడవండి. కూలిన మోడుని గొడ్డలితో చీల్చి మట్టి కప్పండి. వాలు మీది దుంగని దొర్లకుండా అడ్డంగా తిప్పండి. ఎండిన పేడకడిని కర్రతో తిరగేయండి. పైన బూడిద రంగులో చల్లగా కనిపిస్తుంది, లోపల ఎర్రగా పొద్దంతా రగులుతూనే ఉంటుంది. మర్నాడు ఒంటిగంటకి, ఎండా గాలీ జోరుగా ఉన్నప్పుడు, ఇంకోసారి వెళ్ళి చూడండి. పొగ లేస్తే అప్పుడే లేస్తుంది.