కుప్పల మీద పచ్చదనం: 3వ పాఠం – మట్టి ఊపిరి

పాత నల్లగొండ జిల్లాలో మేళ్లచెరువు వైపు సున్నపురాయి తవ్వి పోసిన కుప్పల నుంచి మట్టి ఎలా తీయాలో పోయిన పాఠంలో చూశాం. ఆ సంచి ఇంకా నీడలోనే ఉంది కదా? ఎండలో ఆరబెట్టినవాళ్లు మళ్లీ తెచ్చుకోండి, ఎండిన మట్టి ఈ పాఠానికి పనికిరాదు.

మట్టిలోని సూక్ష్మజీవులు కూడా మనలాగే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది తగిలితే సున్నపు తేట తెల్లబడుతుంది, కుప్ప మట్టిలో జీవం ఉందో లేదో దాంతోనే పట్టుకుందాం. పాన్ డబ్బాలో దొరికే సున్నం ఒక చెంచా లీటరు నీళ్లలో కలిపి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పైతేట మాత్రం వంచుకోండి. కళ్లలో పడనీయకండి.

పచ్చడి సీసాలు మూడు కావాలి. ఒకదాంట్లో కుప్ప మట్టి, ఇంకోదాంట్లో చెలక గట్టు మీది వేపచెట్టు కింది మట్టి, పావుకిలో చొప్పున. వేర్లు, పురుగులు ఏరేయాలి, అవీ ఊపిరి తీస్తాయి. తడి ఎంతంటే, పిడికిట్లో ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. తేట పోసిన చిన్న గిన్నె లోపల పెట్టి మూత బిగించండి. మూడో సీసాలో గిన్నె ఒక్కటే. మొదటిసారి నేను ఈ ఖాళీ సీసా పెట్టలేదు. కుప్ప మట్టి దగ్గర తేట కాస్త తెల్లబడగానే ఊరంతా పిలిచి చూపించాను. సీసాలోని మామూలు గాలికే అంతమాత్రం తెల్లబడుతుందని తర్వాత తెలిసింది!

వేపచెట్టు మట్టి సీసాలో ఒకటి రెండు రోజులకు తేట మీద మీగడలా పొర కడుతుంది. అది కాల్షియం కార్బొనేట్, అంటే క్వారీలో తవ్విన రాయిలో ఉన్నదే. కుప్ప మట్టి సీసా ఖాళీదానిలాగే ఉంటే జీవులు చాలా తక్కువైనా అయి ఉండాలి, తిండి లేక ముడుచుకునైనా ఉండాలి.

అది తేల్చడానికి బెల్లం. 1978లో అండర్సన్, డోమ్ష్ అనే శాస్త్రవేత్తలు మట్టికి గ్లూకోజ్ ఇచ్చి, కొద్ది గంటల్లో పెరిగే ఊపిరిని బట్టి అందులో సూక్ష్మజీవులు ఏపాటి ఉన్నాయో లెక్కగట్టే పద్ధతి చెప్పారు. మనది దానికి నాటు రూపం. అరచెంచా బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి రెండు మట్టుల్లోనూ కలపండి, మూడు గిన్నెల్లోనూ కొత్త తేట పోయండి. ఆ పూటలోనే చూడాలి. మర్నాటికైతే ఉన్న కొద్ది జీవులే పిల్లలు పెట్టి మనల్ని మోసం చేస్తాయి.

కుప్ప మట్టి దగ్గర తేట పూటలోనే ఖాళీ సీసాకంటే బాగా తెల్లబడితే కుప్పకు కావలసింది మేత: పశువుల ఎరువు, పచ్చిరొట్ట. కదలిక లేకపోతే ఎరువు ఒక్కటే చాలదు, బతికున్న పైమట్టి తెచ్చి కలపాలి. వచ్చే పాఠానికి జీలుగ విత్తనాలు దగ్గర పెట్టుకోండి, వాటికి రైజోబియం, అంటే వేర్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా, పట్టిద్దాం.